గేమ్ ఎక్కడ కొనాలి? నెట్ లేని రోజు కూడా తెరుచుకునే కాపీ కోసం ఒక గైడ్

సంక్రాంతి సెలవులకు తిరుపతి రూములో లాప్‌టాప్ సర్దుకుని పలమనేరు వైపో, కార్వేటినగరం వైపో ఊరికి పోయేవాళ్లకు ఒక అనుమానం ఉంటుంది. అక్కడ నెట్ సరిగా రాదు, డబ్బులు పెట్టి కొన్న గేమ్ తెరుచుకుంటుందా? కొన్ని గేమ్‌లు తెరుచుకుంటాయి. కొన్ని సర్వర్ దొరకలేదని మెసేజ్ పెట్టి ఊరుకుంటాయి. లాప్‌టాప్ ఎంత మంచిదైనా ఇందులో తేడా రాదు. ఆ గేమ్‌ను ఏ షాపులో, ఏ రకం తాళంతో కొన్నారన్నదే లెక్క.

ఆ తాళాన్నే డీఆర్ఎం అంటారు. కొన్న గేమ్‌ను కాపీ చేసి పదిమందికీ పంచకుండా కంపెనీలు పెట్టుకునే ఏర్పాటు అది. పైరసీని ఎంత ఆపుతుందో గానీ, దాని తనిఖీలన్నీ డబ్బు కట్టినవాడికే ఎదురవుతాయి. క్రాక్ చేసిన కాపీలో ఆ తాళమే ఉండదు కదా.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: షాపును చూసి కాదు, గేమ్‌ను చూసి నిర్ణయించుకోండి. ఒకే షాపులో తాళం ఉన్న గేమ్, లేని గేమ్ పక్కపక్కనే అమ్ముతుంటారు. "ఫలానా షాపు మంచిది, ఫలానాది చెడ్డది" అనే వాదనల్లో ఈ సంగతే మరుగున పడిపోతుంది.

1. ఈ గేమ్‌కు తాళం సంగతి పట్టించుకోవాలా?

స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లోనే ఆడే గేమ్ అయితే ఈ తలనొప్పి వద్దు. సర్వర్ లేకపోతే ఆ గేమే లేదు, తాళం ఉన్నా లేకున్నా ఒకటే. ఎక్కడ చవకగా దొరికితే అక్కడ, మీ స్నేహితులు ఎక్కడుంటే అక్కడ కొనండి.

కథ ఉండి ఒక్కరే ఆడుకునే గేమ్‌లు, నాలుగేళ్ల తర్వాత మళ్లీ తీసి ఆడాలనిపించే గేమ్‌లు, తమ్ముడికో చెల్లెలికో చూపించాలనిపించేవి, వీటి విషయంలోనే జాగ్రత్త కావాలి.

రెండింటికీ మధ్యలో ఒక రకం ఉంది, ప్రమాదమంతా అక్కడే. చూడటానికి ఒక్కరే ఆడుకునే గేమ్, కానీ ఎప్పుడూ సర్వర్‌కు కట్టేసి ఉంటుంది. యూబీసాఫ్ట్ వాళ్ల 'ది క్రూ' ఇలాంటిదే. 2014లో వచ్చిన కార్ రేసింగ్ గేమ్. ఒంటరిగా ఆడుకోవడానికి అందులో బోలెడంత ఉంది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఆ తర్వాత ఒంటరిగా ఆడేవాళ్లకూ అది తెరుచుకోలేదు. డిస్క్ కొన్నవాళ్లదీ అదే గతి. 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం పుట్టింది దీని మీదే. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టగా, యూరప్‌లో వేసిన పిటిషన్‌కు 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటాయి.

2. తాళాల్లో రకాలు తెలుసుకోండి

అన్ని తాళాలూ ఒకేలా ఇబ్బంది పెట్టవు. తేలికైనదాని నుంచి మొదలుపెడతాను.

అన్నిటికన్నా మెత్తనిది లాంచర్ తనిఖీ. లాంచర్ అంటే కొన్న గేమ్‌లను దించి, తెరిచి పెట్టే షాపు వాళ్ల ప్రోగ్రామ్. స్టీమ్ అనే ఆన్‌లైన్ షాపులో చాలా గేమ్‌లకు ఇదే. గేమ్ తెరిచినప్పుడు స్టీమ్ నడుస్తోందా, ఈ అకౌంట్‌లో ఈ గేమ్ ఉందా అని చూసుకుంటుంది. ఆఫ్‌లైన్ మోడ్ ఉంది కాబట్టి రోజువారీ వాడకంలో ఇది పెద్దగా తెలియదు. ఈ తాళం అంత గట్టిదేమీ కాదని, పట్టుదల ఉన్నవాడు తీసేయగలడని స్టీమ్ యజమాని వాల్వ్ తన డెవలపర్ల డాక్యుమెంట్లలోనే రాసుకుంది. దీనితో వచ్చే అసలు సమస్య వేరు: గేమ్ పాతబడకపోయినా లాంచర్ పాతబడుతుంది. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 మీద స్టీమ్ సపోర్ట్ ఆగిపోయింది. ఆ పాత కంప్యూటర్‌లో నిన్నటిదాకా చక్కగా ఆడిన 2010 నాటి గేమ్ ఇప్పుడు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. గేమ్‌లో ఏ లోపమూ లేదు, తలుపు దగ్గర కాపలావాడు డ్యూటీ మానేశాడు, అంతే.

రెండోది లాంచర్ మీద ఇంకో లాంచర్. స్టీమ్‌లో కొన్నా సరే, తెరవగానే యూబీసాఫ్ట్ కనెక్ట్, ఈఏ యాప్, రాక్‌స్టార్ లాంచర్ లాంటివి ఇంకోసారి లాగిన్ అడుగుతాయి. రెండు పాస్‌వర్డ్‌లు, రెండు ఓటీపీలు. సిగ్నల్ ఒక గీత ఉన్న చోట ఇది పెద్ద టెన్షన్.

మూడోది డెనువో. 2014లో ఆస్ట్రియా నుంచి వచ్చింది, 2018లో ఇర్డెటో అనే కంపెనీ దాన్ని కొనేసింది. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు నెట్ ద్వారా మీ కంప్యూటర్‌ను గుర్తుపట్టి అనుమతి ఇస్తుంది. ఆ తర్వాత కొంతకాలం నెట్ లేకున్నా నడుస్తుంది. గేమ్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినా, ప్రాసెసర్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా కొత్త అనుమతి కావాలి. ఒక రోజులో ఇన్ని కంప్యూటర్లకే అని పరిమితి కూడా ఉంటుంది, మామూలుగా అయిదు. 2021లో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు, వాటిలోని రెండు రకాల కోర్‌లను కొన్ని డీఆర్ఎంలు రెండు వేర్వేరు కంప్యూటర్లు అనుకున్నాయి. 50 దాకా గేమ్‌లు ఆగిపోయాయి. కొత్త ప్రాసెసర్ కొనడమే కొన్నవాళ్లు చేసిన తప్పయింది. లైనక్స్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు: విండోస్ గేమ్‌లను అక్కడ నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చినప్పుడల్లా డెనువో దాన్ని కొత్త కంప్యూటర్‌గా లెక్కేయొచ్చు.

డెనువోలో ఒక మంచి సంగతి కూడా ఉంది. చాలా కంపెనీలు అమ్మకాలు తగ్గాక కొన్ని నెలలకో, ఏడాదికో దాన్ని తీసేస్తాయి. అప్పటికి ధర కూడా సగానికి దిగి ఉంటుంది. అందుకే డెనువో ఉన్న గేమ్‌ను విడుదల రోజున నేను కొనను. తొందర లేనివాళ్లు అలాగే చేయండి.

నాలుగోది పైన చెప్పిన 'ఎప్పుడూ ఆన్‌లైన్' రకం. దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇక పాత డిస్కుల తాళాలు. సేఫ్‌డిస్క్ అనే తాళం ఉన్న పాత సీడీలు విండోస్ 10లో పనిచేయవు. భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ 2015లో దాని డ్రైవర్‌ను పక్కన పెట్టేసింది. చిన్నప్పుడు కొని అటక మీద పెట్టిన సీడీలు మీ దగ్గరుంటే, అదే గేమ్ తాళం లేకుండా గాగ్ అనే షాపులో ఏ వంద రూపాయలకో దొరుకుతుందేమో చూడండి.

3. షాపులు

గాగ్ (జీ, ఓ, జీ అని మూడక్షరాలు): పోలండ్‌లోని సీడీ ప్రొజెక్ట్ 2008లో మొదలుపెట్టింది. ఒక్కరే ఆడుకునే గేమ్‌లను డీఆర్ఎం లేకుండా అమ్మడమే దీని పద్ధతి. కొన్నాక వెబ్‌సైట్ నుంచే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకోవచ్చు. గాలక్సీ అనే లాంచర్ ఉంది గానీ తప్పనిసరి కాదు. ఆ ఇన్‌స్టాలర్ ఒకసారి మీ హార్డ్ డిస్క్‌లోకి వచ్చాక గాగ్ మూతపడినా మీకేం కాదు. విచర్ 3, సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3, స్కైరిమ్, స్టార్‌డ్యూ వ్యాలీ, హాలో నైట్ అన్నీ అక్కడ ఉన్నాయి. అలాగని కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. 2021లో హిట్‌మన్ గేమ్‌ను అక్కడ పెట్టారు. నెట్ లేకపోతే అందులో సగం సంగతులు పనిచేయవని కొన్నవాళ్లు గొడవ చేస్తే వెనక్కి తీసుకున్నారు. కొన్ని చిన్న డెవలపర్లు స్టీమ్‌లో అప్‌డేట్ పెట్టిన చాలా రోజులకు గానీ ఇక్కడ పెట్టరు. స్టీమ్ వర్క్‌షాప్ మాడ్లు (ఆడేవాళ్లే గేమ్‌కు చేసి పంచుకునే మార్పులు) వాడేవాళ్లకు ఇక్కడ వెలితిగా ఉంటుంది.

స్టీమ్: ధర రూపాయల్లో, యూపీఐతో కట్టొచ్చు, సేల్స్ బాగుంటాయి. మన దగ్గర అందరి లైబ్రరీలూ ఇక్కడే ఉండటానికి కారణం అదే. స్టీమ్ తాళం వాడాలా వద్దా అన్నది డెవలపర్ ఇష్టం. బాల్డర్స్ గేట్ 3 స్టీమ్ కాపీనే చూడండి, ఫోల్డర్‌లోకి వెళ్లి నేరుగా తెరిస్తే స్టీమ్ లేకుండానే నడుస్తుంది. అయితే మీరు కొనేది లైసెన్స్ మాత్రమే అని స్టీమ్ 2024 అక్టోబర్ నుంచి కార్ట్‌లోనే రాసి చూపిస్తోంది. కాలిఫోర్నియాలో కొత్త చట్టం వస్తుండటంతో వచ్చిన మార్పు అది. స్టీమ్‌లో గేమ్ బాడుగ ఇంటి లాంటిది: ఓనర్ మంచివాడైతే ఏళ్ల తరబడి హాయిగా ఉండొచ్చు, పత్రాలు మాత్రం మన పేరున ఉండవు.

ఎపిక్: 2018 డిసెంబర్‌లో వచ్చింది. వారం వారం ఫ్రీ గేమ్ ఇస్తుంది కాబట్టి స్టూడెంట్లు అకౌంట్ పెట్టుకోవడం మంచిదే. ఇక్కడా తాళం డెవలపర్ ఇష్టమే. చాలా గేమ్‌లు లాంచర్ మూసేసి నేరుగా తెరిచినా నడుస్తాయి.

ఇచ్.ఐఓ: చిన్న చిన్న గేమ్‌లు, ఎక్కువగా తాళం లేనివే. కాలేజీ కుర్రాళ్లు తాము చేసిన గేమ్‌లు పెట్టేది కూడా ఇక్కడే. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు ఇక్కడ వెతకండి.

హంబుల్: 2010లో తాళం లేని గేమ్‌ల కట్టలతో పేరు తెచ్చుకుంది. ఇప్పుడు అక్కడ ఎక్కువగా దొరికేవి స్టీమ్ కీలు. కీ అంటే స్టీమ్‌లో కొట్టే కోడ్, ఆ గేమ్‌కు స్టీమ్‌లో ఏ తాళం ఉంటే అదే వస్తుంది, పాత పేరు చూసి పొరబడొద్దు.

ఇక మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ పాస్ నెలవారీ అద్దె. దాన్ని అద్దెగానే చూస్తే ఏ గొడవా లేదు.

4. కొనే ముందు చూసుకోవలసినవి

స్టీమ్ పేజీలో కుడివైపు కింద, భాషల పట్టికకు దగ్గర్లో, ఒక చిన్న డబ్బా ఉంటుంది. థర్డ్ పార్టీ డీఆర్ఎం ఉంటే పేరుతో సహా అక్కడ రాస్తారు. డెనువో అయినా, వేరే కంపెనీ అకౌంట్ కావాలన్నా అక్కడే తెలుస్తుంది. ఒక చిక్కు ఉంది. స్టీమ్ సొంత తాళం ఉందో లేదో ఆ డబ్బా చెప్పదు.

దానికోసం పీసీగేమింగ్‌వికీ అనే వెబ్‌సైట్‌కు వెళ్లండి. గేమ్ పేరు కొడితే అవైలబిలిటీ అనే పట్టిక వస్తుంది. ఏ షాపు కాపీకి ఏ తాళం ఉందో వరుసగా ఉంటుంది. సేవ్ ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉంటాయో కూడా అదే పేజీలో దొరుకుతుంది, తర్వాత పనికొస్తుంది. ఈ ఒక్క పేజీ చూడకుండా నేను ఏదీ కొనను.

ఇక్కడ ఇన్‌స్టా, టెలిగ్రామ్ అమ్మకాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే హాస్టళ్లలో అందరూ అడిగేది ఇదే. మా పిన్ని కొడుకు కూడా అదే అడిగాడు. "అన్నా, మూడు వేల గేమ్ రెండొందలకే ఆఫ్‌లైన్ యాక్టివేషన్ అంటాండారు. నెట్ లేకపోయినా ఆడుకోవచ్చంట. ఊరికి తీసకపోతే మేలే గదా?"

"తీసకపో. విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు వాడికే ఫోన్ చెయ్, ఎత్తుతాడేమో చూద్దాం" అన్నాను.

అక్కడ జరిగేది ఇది. వాళ్ల దగ్గర గేమ్ ఉన్న ఒక స్టీమ్ అకౌంట్ ఉంటుంది. దాన్ని వందల మందికి అమ్ముతారు. మీ కంప్యూటర్‌లో ఆ అకౌంట్‌తో లాగిన్ అయి, డెనువో అనుమతి తీసుకుని, స్టీమ్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి వెళ్లిపోతారు. రోజుకు అయిదు కంప్యూటర్ల పరిమితి ఉంటుంది కదా, అందుకే "ఈరోజు స్లాట్ లేదు, రేపు చేస్తాం" అంటారు. అప్‌డేట్ వచ్చినా, విండోస్ మళ్లీ వేసినా కథ మళ్లీ మొదటికి వస్తుంది. అకౌంట్ పంచుకోవడం స్టీమ్ నిబంధనలకు విరుద్ధం కాబట్టి అది ఏ రోజైనా పోవచ్చు. వీటన్నిటికన్నా భయపెట్టేది, చాలామంది ఎనీడెస్క్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే యాప్) ఇవ్వమంటారు, యాంటీవైరస్ ఆపమంటారు. మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్న లాప్‌టాప్‌ను ముక్కూమొహం తెలియనివాడి చేతికి ఇస్తున్నారన్నమాట. రెండొందలే అయితే, అదే రెండొందలకు సేల్‌లో తాళం లేని మంచి గేమ్ ఒకటి వస్తుంది.

5. డబ్బు కట్టడం

స్టీమ్, ఎపిక్ రూపాయల్లో తీసుకుంటాయి. గాగ్ డాలర్లలో చూపిస్తుంది, కాబట్టి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్‌లో ఉన్న కార్డు కావాలి. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులకు బ్యాంకులు దీన్ని మొదట ఆఫ్‌లోనే ఇస్తున్నాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, చిన్న పరిమితి పెట్టి, పని అయ్యాక ఆపేయండి. మార్పిడి కింద చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం వరకు అదనంగా వేసుకుంటాయి.

ధరలో తేడా ఎంతవరకు భరించాలన్నదానికి నా లెక్క ఇది: మళ్లీ ఆడతాననిపించే గేమ్ అయితే 200, 300 రూపాయలు ఎక్కువైనా తాళం లేనిదే. ఒకసారి ఆడి మరిచిపోయేదైతే చవకైనదే. సగానికి సగం తేడా ఉంటే సేల్ దాకా ఆగుతాను.

6. రీఫండ్ గడువు దాటకముందే నెట్ తీసేసి పరీక్షించండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది, నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేదీ ఇదే. స్టీమ్, ఎపిక్ రెండూ కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తాయి. గాగ్ 30 రోజులు ఇస్తుంది, ఆడినా సరే. కథలో మునిగిపోయే ముందు, తిరుపతిలో మంచి నెట్ ఉండగానే ఈ పని ముగించుకోండి.

గేమ్ దించుకుని ఒకసారి మామూలుగా తెరవండి. మెనూ దాకా వచ్చి మూసేయండి. సేవ్ అయ్యేంతవరకు ఆడితే ఇంకా మంచిది. ఇప్పుడు కింద మూలలో గడియారం పక్కనున్న స్టీమ్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి పూర్తిగా ఎగ్జిట్ కొట్టండి. వైఫై ఆపండి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా. లాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత గేమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి దాని ఫైల్‌నే నేరుగా డబుల్ క్లిక్ చేయండి. ఫోల్డర్ ఎక్కడుందో తెలియకపోతే ముందే స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్, బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కి చూసి పెట్టుకోండి.

డెనువో లేని గేమ్ స్టీమ్ లేకుండా నేరుగా తెరుచుకుంటే తాళం లేనట్టే. ఆ ఫోల్డర్‌ను అలాగే కాపీ చేసి దాచుకోవచ్చు. వేరే కంప్యూటర్‌లో పెడితే విజువల్ సీ ప్లస్ ప్లస్ లాంటి తోడు సాఫ్ట్‌వేర్లు అడగొచ్చు, అవి మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితం. స్టీమ్ లేచి, ఆఫ్‌లైన్ మోడ్ అడిగి, ఆ తర్వాత తెరుచుకుంటే అది లాంచర్ తనిఖీ. ఊరికి తీసుకెళ్లొచ్చు, కానీ బయల్దేరే ముందు లాగిన్ అయి, అప్‌డేట్లన్నీ అయిపోయి, గేమ్ ఒకసారి తెరిచి ఉండాలి. రెండూ కాకుండా లాగిన్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతే రీఫండ్ కొట్టండి. కారణం రాయమంటే నెట్ లేకుండా తెరుచుకోలేదని రాయండి.

రెండు గంటల లెక్కలో గేమ్ తెరిచి ఊరికే వదిలేసిన సమయం కూడా కలుస్తుంది. టీ తాగడానికి పోయేటప్పుడు మూసి పోండి.

7. దించుకుని దాచండి

తాళం లేని గేమ్ కొని ఇన్‌స్టాలర్ దించుకోకపోతే సగం పనే అయినట్టు. పెద్ద గేమ్‌లకు ఓపిక కావాలి. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ చోటు కావాలంటారు. అంత దించాలంటే 100 ఎంబీపీఎస్ లైన్‌లో దగ్గర దగ్గర మూడున్నర గంటలు, 30 ఎంబీపీఎస్ లైన్‌లో పదకొండు గంటలు. రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్ మీద ఇది జరిగే పని కాదు. రూములో ఫైబర్ ఉన్నవాళ్లు రాత్రి పెట్టి పడుకోండి. ఎండాకాలం కరెంటు పోతుందనుకుంటే మధ్యలో ఆగినా మళ్లీ అక్కడి నుంచే అందుకునే డౌన్‌లోడర్ వాడండి.

గాగ్ ఇన్‌స్టాలర్ ఒక ఈఎక్స్ఈ ఫైల్, దానితో పాటు సుమారు 4 జీబీ చొప్పున బిన్ ఫైళ్లుగా వస్తుంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఒక్కటి తక్కువైనా ఇన్‌స్టాల్ కాదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, పాత ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఏళ్ల తరబడి దాచడానికి పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ కన్నా మామూలు హార్డ్ డిస్క్ మేలు. కరెంటు తగలకుండా చాలాకాలం పక్కన పడేస్తే ఎస్ఎస్‌డీలో డేటా చెడిపోయే అవకాశం ఉంది. కాపీ సరిగా అయిందో లేదో చూడాలంటే 7-జిప్ వేసుకుని, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఫైల్‌కు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువ రెండుచోట్లా ఒకటేనా చూడండి.

స్టీమ్‌లో బ్యాకప్ అనే సదుపాయం ఉంది గానీ, దాన్ని తిరిగి వేయాలంటే మళ్లీ స్టీమే కావాలి. మళ్లీ దించుకునే డేటా మిగులుతుంది, అంతే. సేవ్ ఫైళ్ల ఫోల్డర్‌ను కూడా ఇన్‌స్టాలర్ పక్కనే కాపీ పెట్టుకోండి.

ఇలా దాచుకోవడం తప్పా అని అడిగేవాళ్లకు: న్యాయంగా పొందిన ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో వీలుంది. కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టడం మాత్రం 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65ఏ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. అందుకే తాళం లేనిది చూసి కొనండి అంటున్నాను, తాళం ఉన్నది కొని పగలగొట్టమని కాదు. ఆ ఇన్‌స్టాలర్‌ను హాస్టల్ గ్రూపులో పెట్టడం కూడా బ్యాకప్ కిందికి రాదు.

కన్సోల్ ఉన్నవాళ్లకు రెండు మాటలు

ప్లేస్టేషన్, స్విచ్, ఎక్స్‌బాక్స్‌లలో తాళం లేని షాపు అంటూ లేదు. అక్కడ డిజిటల్ కాపీకి, డిస్క్‌కూ మధ్యే ఎంపిక. తన పాత కన్సోల్‌లు 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ షాపుల్లో అమ్మకాలను నింటెండో 2023 మార్చిలో ఆపేసింది. ఎక్స్‌బాక్స్ 360 షాపు 2024 జులైలో మూతపడింది. డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు. స్విచ్ 2లో మాత్రం గేమ్ కీ కార్డులని కొన్ని వస్తున్నాయి. చూడటానికి మామూలు కార్డే, లోపల గేమ్ ఉండదు, మొదటిసారి నెట్‌లో దించుకోవాలి. అట్ట ముందువైపు కింద ఆ సంగతి రాసి ఉంటుంది, డబ్బులిచ్చే ముందు అక్కడ చూడండి.